తూటాకి పొట్ట వస్తే...

తుపాకి పేలుతుంది. సినిమాలో అయితే కెమెరా వెంటనే గుండు వెంట పరుగెత్తి అది ఎవరి గుండెలో దిగిందో చూపిస్తుంది. అదే క్షణంలో తుపాకి పక్క నుంచి ఎగిరి, 'ఠంగు'మని నేలమీద పడి దొర్లిపోయిన ఇత్తడి గొట్టం సంగతి ఎవరికీ పట్టదు. దాని పని అయిపోయిందిగా!

అయిపోలేదు. అమెరికాలో ఊరి శివార్లలో ఉండే ఫైరింగ్ రేంజ్‌లలో ఓ చిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. అప్పటిదాకా దర్జాగా నిలబడి డబ్బాలకు డబ్బాలు తూటాలు కాల్చిన పెద్దమనుషులు, ఆ పని కాగానే నడుములు వంచి నేలంతా వెతుకుతుంటారు. చింతచెట్టు కింద చేరిన పిల్లల్లా ఒక్కో ఖాళీ గొట్టాన్నీ ఏరి సంచిలో వేసుకుంటారు. పక్కవాడు వదిలేసి వెళితే అవీ వీళ్లకే. (అడిగే తీసుకుంటారు లెండి, అది అక్కడి మర్యాద.) ఇంటికెళ్లి వాటిని కడిగి, తుడిచి, మళ్లీ మందు కూరి, కొత్త గుండు బిగించి తూటాలు చేసుకుంటారు. ఆ పనిని 'రీలోడింగ్' అంటారు.

అదేం కక్కుర్తి అనిపిస్తుంది మనకు. కానీ తూటా సంగతి కాస్త తెలిస్తే అలా అనిపించదు. తూటా అంటే గుండు ఒక్కటే కాదు, నాలుగు వస్తువుల కూర్పు. ముందు గుండు. దాని వెనక ఇత్తడి గొట్టం. గొట్టంలో మందు. గొట్టం అడుగున మధ్యలో చిన్న లోహపు గిన్నె, దాని పేరు ప్రైమర్. దీపావళికి పిల్లలు పేల్చే రీలు తుపాకి గుర్తుందా? రీలు మీది మందుచుక్క చేసే పనే ప్రైమర్ చేస్తుంది. దెబ్బ తగలగానే నిప్పు పుట్టిస్తుంది. ఈ నాలుగింట్లో గుండు వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పనికిరాకుండా పోతుంది. మిగిలేది ఇత్తడి గొట్టం ఒక్కటే. సాధారణంగా నాలుగింట్లో ఖరీదైనదీ అదే. గోలీసోడా తాగేసి సీసా తిరిగిచ్చేయడం మనకు తెలిసిందే కదా. సోడా రెండు గుక్కల్లో అయిపోతుంది, సీసా మాత్రం ఎన్నోసార్లు తిరుగుతుంది. వీళ్ల లెక్కా అదే.

మన దగ్గర ఇలాంటి సరదాకు తావు లేదు. లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అమెరికాలో సొంత వాడకానికి చేసుకుంటే కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు, చేసి అమ్మితేనే కావాలి. ఇన్ని తుపాకులున్న దేశంలో జరుగుతున్న ఘోరాలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఆ చర్చ చిన్నది కాదు, ఇక్కడ తేలేదీ కాదు. ఇది ఓ ఇత్తడి గొట్టం కథ. దాన్ని చేతిలోకి తీసుకుని 'ఇంకోసారి పనికొస్తుందా?' అని తేల్చుకోవలసిన మనిషి కథ.

ఒహాయోలో ఓ పెద్దాయన్ని ఊహించుకోండి. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు లేత్ మీద పనిచేసి రిటైరయ్యాడు. పిల్లలు తలో ఊళ్లో స్థిరపడ్డారు. ఇంటి పక్కన గ్యారేజీలో కారుకి సగం చోటే మిగిలింది. మిగతా సగంలో బరువైన చెక్కబల్ల, దానికి బోల్టులతో బిగించిన ఇనుప ప్రెస్సు, గోడకి బీరువా, బీరువా నిండా కాఫీ డబ్బాలు. ప్రతి డబ్బామీదా మార్కర్‌తో రాసిన అంకెలు. 38, 45, 9, 40... తూటాల సైజులవి. డబ్బా కదిపితే చిల్లర చప్పుడు. ఇలాంటి గ్యారేజీలు అమెరికాలో కొల్లలు.

పొదుపు కోసం మొదలుపెడతారు చాలామంది. తూటాకి ఇంత మిగులుతుందని లెక్కలేసి భార్యకు చెబుతారు. నిజానికి మిగిలిందంతా మళ్లీ కాల్చడానికే పోతుంది. పొదుపు వాళ్లకు డబ్బుగా కనపడదు, ఇంకో నాలుగు డబ్బాల తూటాలుగా కనపడుతుంది. అయితే ఈ అలవాటు అక్కరకొచ్చిన రోజులూ ఉన్నాయి. 2012 డిసెంబరులో కనెటికట్ రాష్ట్రంలో ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలు బలైన దారుణం తర్వాత, ఆంక్షలు వస్తాయేమోనన్న భయంతో జనం ఎగబడి కొన్నారు. 2013లో దుకాణాల అరలు ఖాళీ. మళ్లీ 2020లో కరోనా వచ్చినప్పుడూ అదే తంతు. ఆ ఏడాదే రెమింగ్టన్ లాంటి పాత కంపెనీ దివాలా తీసింది. ప్రైమర్లు దొరకడమే గగనమైంది. అలాంటప్పుడు గ్యారేజీలో డబ్బాల నిండా గొట్టాలున్నవాడే కాస్త నిబ్బరంగా ఉన్నాడు. ఏరుకొచ్చిన ప్రతి గొట్టమూ బంగారమైపోయింది. పారేయాల్సినవాటిని కూడా చెయ్యి పారేయనివ్వని పరిస్థితి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

పెద్దాయన '40' అని రాసిన డబ్బా బల్లమీద గుమ్మరిస్తాడు. రేంజ్‌లో నలుగురు కాల్చినవి, అన్నీ కలిసిపోయాయి. పైకి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఒక్కొక్కటే తీసి వేళ్లమధ్య తిప్పుతాడు. ఏడో ఎనిమిదో తిప్పేసరికి వేలు ఆగుతుంది. గొట్టం అడుగుకి కాస్త పైన, ఒకే పక్క, చిన్న ఉబ్బు. బాగా భోంచేసినవాడికి చొక్కా బొత్తాం దగ్గర పొట్ట తోసుకొచ్చినట్టు. ఎంత ఉంటుంది? ఒకటి రెండు వెంట్రుకల మందం. కంటికి ఆనకపోయినా వేలికి ఆనుతుంది. నలభై ఏళ్లు లేత్ మీద బతికిన వేలికి మరీనూ.

ఆ పొట్ట ఎలా వచ్చిందో తెలియాలంటే తుపాకి లోపలికి వెళ్లాలి. ప్రైమర్ పేలి మందు అంటుకోగానే గొట్టంలో పుట్టే ఒత్తిడి సామాన్యమైంది కాదు. ఈ 40 నంబరు తూటాకి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌన్లు. మన కారు టైరులో గాలి ముప్ఫయ్యో ముప్ఫై అయిదో ఉంటుంది. అంటే దాదాపు వెయ్యి టైర్ల ఒత్తిడి, చిటికెనవేలంత గొట్టంలో, సెకనులో వెయ్యో వంతులో! అంత ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి తుపాకి ఛాంబర్ గోడలకు అతుక్కుపోతుంది. అది మంచిదే. ప్రెషర్ కుక్కర్‌కి గాస్కెట్ ఎలాగో తుపాకికి ఆ ఉబ్బిన ఇత్తడి అలాగ. వేడి వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖంలోకి, రాకుండా ఆపేది అదే. ఒత్తిడి తగ్గగానే ఇత్తడి పిసరంత వెనక్కి ముడుచుకుంటుంది. ముడుచుకోబట్టే గొట్టం సులువుగా బయటికి ఊడిపడుతుంది. ఉక్కు ఇంత చక్కగా ఈ పని చేయదు. ఇన్నేళ్లుగా ఇత్తడినే పట్టుకు వేలాడటానికి కారణం ఇదే.

ఉక్కు గోడ చుట్టూ ఆసరాగా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. కానీ పిస్టల్లో తూటా కిందనున్న మేగజైన్ నుంచి పైకి జారి ఛాంబర్లోకి దూరాలి. అది తట్టుకోకుండా జారడానికి ఛాంబర్ మొదట్లో, కింది అంచున కొంచెం ఉక్కుని ఏటవాలుగా కోసేస్తారు. కోసిన చోట గొట్టానికి ఆసరా ఉండదు. టైరు చిరిగిన చోట సైకిల్ ట్యూబు బయటికి తన్నుకొచ్చినట్టు, అక్కడ ఇత్తడి బయటికి తన్నుకొస్తుంది. అదే పొట్ట.

ఈ జబ్బు మిగతావాటికన్నా 40 నంబరుకే ఎక్కువని పేరు. ఎందుకంటే దాని పుట్టుకే అలాంటిది. 1986 ఏప్రిల్ 11న ఫ్లోరిడాలోని మయామీ ప్రాంతంలో ఇద్దరు దోపిడీ దొంగల్ని ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు చుట్టుముట్టారు. కొద్ది నిమిషాలపాటు కాల్పులు. ఇద్దరు ఏజెంట్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు, అయిదుగురు గాయపడ్డారు. దొంగలిద్దరూ చచ్చారు. కాల్పులు మొదలైన కాసేపటికే ఒక దొంగ ఒంట్లోకి దిగిన 9 మిల్లీమీటర్ల గుండు గుండెకాయ దాకా వెళ్లకుండా ఆగిపోయింది. వాడు పడిపోలేదు, కాలుస్తూనే ఉన్నాడు. తప్పు గుండుదేనని ఎఫ్‌బీఐ అనుకుంది. ఇంకా బలమైన తూటా కోసం 10 మిల్లీమీటర్ల సైజుకి వెళ్లింది. దాని తన్ను తట్టుకోవడం చాలామంది వల్ల కాలేదు. మందు తగ్గించి చూశారు. మందు తగ్గాక అంత పొడుగు గొట్టం ఎందుకు? స్మిత్ అండ్ వెస్సన్, వించెస్టర్ కంపెనీలు కలిసి గొట్టాన్ని పొట్టిచేసి 1990లో కొత్త తూటా తెచ్చాయి. అదే 40.

సరిగ్గా అప్పటికి గ్లాక్ పిస్టల్ అమెరికా పోలీసుల్లోకి దూసుకొస్తోంది. కర్టెన్ రాడ్లు, కత్తులు తయారుచేసుకునే గాస్టన్ గ్లాక్ అనే ఆస్ట్రియా పెద్దమనిషి రూపొందించిన పిస్టల్‌ని 1982లో ఆ దేశ సైన్యం ఎంచుకున్న కథ వేరే పెద్దది. 1990లోనే ఆ కంపెనీ 40 నంబరు పిస్టల్‌నీ బయటికి తెచ్చింది. ఏ పరిస్థితిలోనూ తూటా ఇరుక్కోకూడదన్నది దాని పట్టుదల. అందుకని తొలినాటి బ్యారెళ్లలో ఆ ఏటవాలు కోత ఉదారంగా ఉండేది. ఒత్తిడి ఎక్కువున్న తూటా, ఆసరా తక్కువున్న ఛాంబర్. రెండూ కలిశాయి. పొట్ట వచ్చిన గొట్టానికి రీలోడింగ్ చేసేవాళ్ల భాషలో 'గ్లాక్డ్ బ్రాస్' అన్న పేరే స్థిరపడిపోయింది. న్యాయంగా చెప్పాలంటే తర్వాతి బ్యారెళ్లలో కంపెనీ ఆసరా పెంచింది. వేరే కంపెనీల పిస్టళ్లలోనూ పొట్టలొస్తాయి, మందు ఎక్కువ కూరితే ఎందులోనైనా వస్తుంది. అయినా పేరు ఒకసారి పడితే పోతుందా?

ఆ పొట్టతోనే మళ్లీ తూటా చేస్తే ఏమవుతుంది? చాలాసార్లు ఇంకో తుపాకిలో దూరనే దూరదు. సగం దాకా వెళ్లి ఇరుక్కుంటుంది. పోటీల్లో గంట కొట్టాక ఇలా ఇరుక్కుంటే ఆ నాలుగు సెకన్లలో నెలల సాధన మట్టిగొట్టుకుపోతుంది. కాబట్టి పొట్ట తీయాలి.

మామూలుగా ప్రతి ఖాళీ గొట్టాన్నీ ప్రెస్సులో 'సైజింగ్ డై' అనే ఉక్కు అచ్చులోకి నొక్కుతారు. అచ్చు నోట్లో టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరం ఉంటుంది. వజ్రానికి చుట్టమంత గట్టిది. ఉబ్బిన గొట్టం దానిగుండా వెళ్లి పాత కొలతకి వచ్చేస్తుంది. లోపలున్న సూది చచ్చిన ప్రైమర్ని కిందికి తోసేస్తుంది. అంతా ఒక్క హ్యాండిల్ ఊపులో. ముచ్చటగానే ఉంటుంది. అయితే గొట్టాన్ని కింద పట్టుకోవడానికి ఒక పట్టు ఉండాలి కదా. ఆ పట్టు మందం వల్ల, అచ్చు నోరు కాస్త వెడల్పుగా చెక్కి ఉండటం వల్ల, అడుగున మూడు నాలుగు మిల్లీమీటర్లు అచ్చుకి అందవు. పొట్ట ఉండేది సరిగ్గా అక్కడే! మంచం కింద మూలల్లో చీపురు అందని చోటే దుమ్ము పేరుకున్నట్టు.

దీనికి విరుగుడు కనిపెట్టినవాళ్ల ఉపాయం చూస్తే నవ్వొస్తుంది, అంత సులువైంది. పట్టు అడ్డమైతే పట్టే లేకుండా చేస్తే సరి. పిస్టల్ గొట్టాల్లో చాలావాటికి అడుగు అంచు ఒంటికన్నా వెడల్పు ఉండదు. అలాంటప్పుడు గొట్టాన్ని అచ్చులోకి నొక్కి వెనక్కి లాగడమెందుకు? కిందనుంచి కడ్డీతో తోసి, అచ్చు మొత్తం దాటించి పైనుంచి బయటపడేస్తే పోలా! అడుగు నుంచి నోటిదాకా ఒక్క చోటూ మిగలకుండా ఉంగరం తడిమేస్తుంది. విస్కాన్సిన్‌లోని లీ ప్రెసిషన్ కంపెనీ ఇలాంటి సరంజామాకి 'బల్జ్ బస్టర్' అని పేరుపెట్టింది. అంటే పొట్ట తీసే యంత్రమన్నమాట. న్యూయార్క్ రాష్ట్రంలోని రెడ్డింగ్ కంపెనీదీ ఇలాంటి డై ఉంది. ఇంకా డబ్బున్నవాళ్లు, పోటీల పిచ్చి ముదిరినవాళ్లు, రెండు పలకల మధ్య గొట్టాన్ని దొర్లించి సాపుచేసే యంత్రాలు కొంటారు. అప్పడాల కర్ర కింద పిండిముద్ద తిరిగినట్టు తిరుగుతుంది గొట్టం.

అన్ని తూటాలకూ ఈ తోపుడు వైద్యం కుదరదు. 9 మిల్లీమీటర్ల గొట్టం పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. నిలువుగా ఒకే కొలత ఉండే ఉంగరం దానికి నప్పదు. రివాల్వర్ తూటాలకి అడుగున అంచు బయటికి ఉంటుంది, అది ఉంగరంలో పట్టదు. 40కీ, 10 మిల్లీమీటర్లకీ, పాత 45కీ చక్కగా కుదురుతుంది.

పెద్దాయన పని వరస చూడముచ్చటగా ఉంటుంది. ముందు గొట్టాలన్నీ వాల్‌నట్ పెంకుల పొడి పోసిన తొట్టిలో వేసి స్విచ్ నొక్కుతాడు. తొట్టి గంటలకొద్దీ వణుకుతూనే ఉంటుంది. మసి పోయి ఇత్తడి తళతళలాడుతుంది. పాత ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది కాబట్టి ఆ ధూళి పీల్చకూడదు. బల్ల దగ్గర తిండి తినకూడదు, పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆయన భార్య పెట్టిన షరతు ఇంకోటి: ఆ చొక్కాతో వంటింట్లోకి రాకూడదు. శుభ్రమైన గొట్టాలకి పిసరంత జారుడు నూనె రాసి ఒక్కొక్కటే అచ్చులోంచి తోస్తాడు. హ్యాండిల్‌కి తగిలే బరువుని బట్టి ఆయనకి తెలిసిపోతుంది. మామూలు గొట్టం వెన్నలో కత్తిలా వెళ్తుంది. పొట్ట ఉన్నది మధ్యలో ఒక్క క్షణం మొరాయించి, 'టక్'మని దాటుతుంది. ఆ మొరాయింపు వినపడగానే ఆ గొట్టాన్ని విడిగా పెడతాడు.

ఆఖరి పరీక్షకి తుపాకి బ్యారెల్ ఊడదీసి బల్లమీద నిలబెడతాడు. గొట్టాన్ని వేలితో తొయ్యకుండా పైనుంచి వదిలేస్తాడు. కొలత సరిగ్గా ఉంటే తనంతట తనే జారి 'టుప్'మంటుంది. బ్యారెల్ తిరగేస్తే తనే బయటికొస్తుంది. అటూ ఇటూ ఎక్కడా తట్టుకోకూడదు. పొట్ట తీసిన గొట్టాలు కూడా ఒక్కటీ తప్పకుండా 'టుప్'మంటాయి. మిగతావాటితో కలిపేస్తే ఏది ఏదో కనుక్కోవడం ఎవరి తరమూ కాదు.

"అయిపోయిందిగా తాతా! అన్నీ ఒక్కలాగే ఉన్నాయిగా. ఇవి వేరే ఎందుకు పెట్టావు?" సెలవులకొచ్చిన మనవడి ప్రశ్న.

"కొలత తెలిసిందిరా. కిందటిసారి ఇది ఎవరి తుపాకిలో పేలిందో, అంతకుముందు ఎన్నిసార్లు పేలిందో తెలీదుగా."

ఆ జవాబు అర్థం కావాలంటే ఇత్తడి స్వభావం తెలియాలి. అది మన కంచరివాళ్లకి పుట్టుకతో తెలుసు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద దేవుడి బొమ్మ చెక్కే పనివాడు కాసేపు సుత్తితో కొట్టాక రేకుని మళ్లీ నిప్పుల్లో పెడతాడు. ఎందుకంటే ఇత్తడి దెబ్బ తిన్నకొద్దీ బిరుసెక్కుతుంది. బిరుసెక్కినదాన్ని ఇంకా కొడితే పగులుతుంది. కాలిస్తే దాని లోపలి అమరిక కుదుటపడి మళ్లీ మెత్తబడుతుంది. బావి గట్టుకి కొట్టుకుని సొట్టబోయిన బిందెకైనా అదే వైద్యం. కాల్చు, కొట్టు, సాపుచెయ్. బిందె నిక్షేపంలా ఇంకో తరం నీళ్లు మోస్తుంది.

తూటా గొట్టమూ అదే జాతిది. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఫ్యాక్టరీలో ఒక బిళ్లను గిన్నెలా వంచి, ఆ గిన్నెను సాగదీసి, మధ్యమధ్యలో కాల్చి మెత్తబరిచి మళ్లీ సాగదీస్తూ గొట్టం చేస్తారు. కానీ అడుగుభాగాన్ని కావాలనే నొక్కి బిరుసుగా వదిలేస్తారు. వెయ్యి టైర్ల ఒత్తిడిని వెనకనుంచి ఆపాల్సింది అదే కాబట్టి. అక్కడ ఇత్తడి మెత్తబడితే తుపాకి చేతిలో బాంబే. రైఫిల్ తూటాల మెడను కాల్చి మెత్తబరిచే అలవాటు రీలోడింగ్ చేసేవాళ్లకి ఉంది గానీ, అడుగుకి వేడి తగలనివ్వరు. నీళ్లలో నిలబెట్టో, తిప్పుతూనో జాగ్రత్తపడతారు. మరి పొట్ట వచ్చింది అడుగునే. కంచరి వైద్యంలో 'కొట్టు, సాపుచెయ్' ఉన్నాయి. మొదటిదైన 'కాల్చు' మాత్రం ఇక్కడ పనికిరాదు. ఒకసారి బయటికి సాగి, అచ్చులో మళ్లీ లోపలికి నలిగిన ఆ చారెడు చోటు, చూపుకి సాపుగా ఉన్నా లోపల రెండు దెబ్బలు తిన్నదే. సాగినప్పుడు గోడ పల్చబడింది కూడా. అచ్చు దాన్ని లోపలికి తోయగలదు, పోయిన మందాన్ని తెచ్చివ్వలేదు.

ఇత్తడి లోపల దాచుకున్న దెబ్బలు ఎంత దూరం వెళ్తాయో చెప్పే పాత ఉదంతం మన దేశంలోనే ఉంది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో భద్రపరిచేది. ఎండలొచ్చాక తీసిచూస్తే గొట్టాలకి నిలువునా పగుళ్లు! ఎవరూ కాల్చలేదు, ఎవరూ కొట్టలేదు. ఉన్నచోటే పగిలాయి. ఇంగ్లిషులో దానికి 'ఋతువు పగులు' అన్న అర్థంలో పేరుపెట్టారు, ఏదో వానాకాలం జబ్బు అన్నట్టు. అసలు సంగతి 1921లో గానీ తేలలేదు. తయారీలో సాగదీసినప్పటి ఒత్తిడి ఇత్తడిలో అలాగే బిగుసుకుని ఉండిపోయింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, వానాకాలపు చెమ్మతో కలిసి ఆ బిగువున్న చోటల్లా తినేసింది. తర్వాత గొట్టాల్ని తగుమాత్రం వేడిచేసి ఆ బిగువు వదిలించడం మొదలుపెట్టారు. ఇప్పటికీ పెద్దాయనలాంటివాళ్లు ఇత్తడి సామాను మెరిపించే పాలిష్ కొనేముందు అందులో అమోనియా ఉందేమోనని సీసా తిరగేసి చదువుతారు. కారణం మాత్రం ఎక్కడో మన దేశపు గుర్రపుశాలల్లో ఉందని వాళ్లలో ఎంతమందికి తెలుసో!

సరే, నలిగిన గొట్టం మళ్లీ పేలితే అవుతుందా ఏమైనా? నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాదని వాదించేవాళ్లు రేంజ్‌కి నలుగురుంటారు. వేలకువేలు అలాగే కాల్చాం, చూడండి మా పదివేళ్లూ ఉన్నాయి, అని చేతులు చూపిస్తారు. వాళ్లదీ పూర్తిగా మొండివాదం కాదు. తూటా ఛాంబర్లో ఏ వైపు తిరిగి కూర్చుంటుందో ఎవరూ చెప్పలేరు. బలహీనమైన వైపు ఉక్కుగోడకి ఆనుకుంటే దానికేం ఢోకా లేదు. కానీ ఆ పాత పొట్ట చోటే మళ్లీ ఆ ఆసరాలేని కోత మీదికి వచ్చి కూర్చున్నరోజు? ఇత్తడి చీలుతుంది. వాయువంతా మేగజైన్ మీదికి దూకుతుంది. మేగజైన్ కిందికి ఎగిరిపోతుంది. పిడి పగలొచ్చు, అరచెయ్యి చీరుకుపోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకుని ఉంటే కళ్లు దక్కుతాయి. ఇలాంటి ప్రమాదాన్ని వాళ్లు 'కబూమ్' అంటారు. పేరు వింటే తమాషాగా ఉంటుంది గానీ, ఒకసారి చూసినవాళ్లు ఆ మాట నవ్వుతూ అనరు. చాలా తుపాకి కంపెనీలు, రీలోడ్ చేసిన తూటాలు వాడితే మా పూచీ లేదని ముందే పుస్తకంలో అచ్చేసేది కూడా ఇందుకే.

పొట్ట తీసే యంత్రం మంచిదా చెడ్డదా అని అడిగితే, అందరి దగ్గరా ఉండాల్సిందేనని చెప్పాలి. కొద్దిగా ఉబ్బినదాన్ని అది నిజంగానే దారిలో పెడుతుంది. దానితో వచ్చే చిక్కల్లా ఒకటే. చెడిపోయినదాన్నీ, బాగున్నదాన్నీ ఒకేలా నున్నగా చేసి చేతిలో పెడుతుంది. ఏది ఏదన్నది అచ్చులోకి వెళ్లకముందే తేలాలి. ఆ తర్వాత తేల్చడానికి గుర్తు మిగలదు. అందుకే పెద్దాయన వణికే తొట్టి పని కాగానే, నూనె రాయకముందే, దీపం దగ్గరికి లాక్కుని ఒక్కోదాన్నీ చూస్తాడు. ఉబ్బు పైనా కిందా చిన్న గీతలా, నెలవంకలా నొక్కు కనపడితే దాన్ని వాళ్లు 'గ్లాక్ నవ్వు' అంటారు. ఇత్తడి ఆ కోత అంచుమీదికి జారి తెగబోయి ఆగిన ఆనవాలు అది. నవ్వు కనపడిన గొట్టం అచ్చు దాకా వెళ్లదు. గోరు పెట్టి గీస్తే తట్టుకునే గీత ఉన్నా అంతే. ఉబ్బు మరీ ఎక్కువగా ఉన్నా అంతే. తను కాల్చినవీ, ఎన్నోసారో లెక్క తెలిసినవీ ఒక డబ్బాలోకి. ఊరిపేరు లేనివి, కాస్త ఉబ్బు ఉన్నవి, మందు తక్కువ పడే సాధన తూటాలకి ఇంకో డబ్బాలోకి. మిగతావి బల్లకింద బక్కెట్లోకి.

కొరత రోజుల్లో ఈ మూడో పని చేయడమే కష్టం. 2021లో ప్రైమర్ల పెట్టెకి ముందటికన్నా రెండు మూడింతలు పెట్టినా దొరకని రోజుల్లో, నున్నగా మెరుస్తున్న ఇత్తడిని బక్కెట్లో వేయాలంటే ఎవరికైనా చెయ్యి రాదు. పొట్ట తీసే యంత్రం పక్కనే ఉంటుంది. ఒక్కసారి హ్యాండిల్ ఊపితే చాలు, 'టుప్'మంటుంది కూడా. చూసేవాళ్లెవరూ ఉండరు. మనవడు బక్కెట్లోంచి రెండు మూడు తీసి, "ఇదైనా తాతా?" అని అడుగుతాడు. తాత అద్దం పెట్టి చూసి మళ్లీ బక్కెట్లోనే వేస్తాడు.

ఇంకో సంగతి ఉంది. బక్కెట్లో వేసినంత మాత్రాన సరిపోదు. అది నిండాక పాత సామాన్ల కొట్టుకి వెళ్తుంది, అక్కడ ఇత్తడి తూకానికి అమ్ముడుపోతుంది. మంచి గొట్టాల్లా మెరుస్తుంటే దారిలో ఎవరి కంటైనా పడతాయి. ఎవరో తీసుకెళ్లి అచ్చులోంచి తోసి, నున్నగా చేసి, తమ డబ్బాలో వేసుకోవచ్చు. అందుకని పెద్దాయన ఆ సాయంత్రం మనవడి చేతికి పట్టకారు ఇచ్చాడు. కుర్రాడు గ్యారేజీ గుమ్మంలో బక్కెట్ పక్కన కూర్చుని, ఒక్కో గొట్టం నోటినీ నొక్కి చప్పిడి చేస్తూ, నలభై మూడు దాకా లెక్కపెట్టాడు.